ఆరు గుండ్ల లెక్క

చేతులున్న కుర్చీ వేస్తే ఆయన కాస్త ఎడమవైపు జరిగి కూర్చుంటారు. కుడి మోచేయి నడుముకు ఆనదు. బెత్తెడు దూరంలో గాలిలోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది కానీ కొత్తగా చూసినవాళ్లు ఏదో నొప్పనుకుంటారు.

'నొప్పి గాదు. ముప్పావు కిలో ఇనుము ఉండె అక్కడ. అది పోయినా జాగ పోలే' అంటారాయన నవ్వుతూ.

ఆ ఇనుము పేరు వెబ్లీ అండ్ స్కాట్. పాయింట్ 38 రివాల్వర్. ఆయన 1979లో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, 2013లో డీఎస్పీగా రిటైరయ్యారు. ఆ ముప్ఫై నాలుగేళ్లలో ఎక్కువ భాగం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే గడిచింది. గోదావరికి ఈ ఒడ్డున కొన్నేళ్లు, ఆ ఒడ్డున కొన్నేళ్లు. పేరు వేయొద్దన్నది ఆయన షరతు. 'నా పేరుతోని ఏం పని? తుపాకికి నంబరుంటది. డిపార్ట్‌మెంట్‌ల మనకంటె దానికే విలువ ఎక్కువ' అంటారు.

అది ఉత్త చమత్కారం కాదని కాసేపు ఆయన మాటలు వింటే తెలుస్తుంది.

సంతకం పెట్టిన రోజు

అనంతపురం పోలీసు ట్రైనింగ్ కాలేజీలో శిక్షణ ముగించుకుని, జిల్లాకు వచ్చి, హెడ్‌క్వార్టర్స్‌లో రిపోర్టు చేసిన రోజది. పోలీసులు ఆయుధాలు దాచే గదిని బ్రిటిష్ కాలం నుంచీ 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటారు. పూర్వం సైన్యంలో తుపాకుల్ని గంట ఆకారపు గుడారాల్లో పెట్టేవారు. గుడారాలు పోయినా పేరు మిగిలింది. ఆ గది బాధ్యుడు ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్. ఆయుధాల మరమ్మతు చేసే ఆర్మరర్. ఎస్సై నుంచి ఎస్పీ దాకా అందరూ ఆయన్ని 'చాచా' అనే పిలిచేవారు.

చాచా ఒక పాత గుడ్డ విప్పి రివాల్వర్ టేబుల్ మీద పెట్టాడు. పక్కన ఆరు గుండ్లు, వాటి పక్కన మరో ఆరు. రిజిస్టరు తెరిచాడు. కుర్ర ఎస్సై తుపాకి మీద చెయ్యి వేయబోతే ఆపాడు.

'పహలే గిన్తీ, సాబ్. ముందు లెక్క. తర్వాత తుపాకి.'

నంబరు చదివించాడు. గుండ్లు ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పి చూపించి లెక్కపెట్టించాడు. సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు గానీ చేతికివ్వలేదు. ఇచ్చాక ఒక మాటన్నాడు. 'సాబ్, దీన్నుంచి గుండు బయటికి పోతే ఎందుకు పోయిందని అడుగుతరు. గుండు పోకుండ తుపాకే పోతే ఏమీ అడగరు. ఇంటికి పంపుతరు.'

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన ఆ రివాల్వర్ వయసు అప్పటికే కుర్ర ఎస్సై వయసు కంటే ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం పాత పాయింట్ 455 రివాల్వర్ మరీ బరువని, అదురు ఎక్కువని పక్కనపెట్టి పాయింట్ 38కి మారింది. ఆ కోవలోదే ఇది. దీని పనితీరు సినిమాల్లో చూసే రివాల్వర్లలా ఉండదు. గుండ్ల చక్రం పక్కకు రాదు. ఎడమవైపున్న మీటను బొటనవేలితో నొక్కితే తుపాకి నడిమికి మడత పడుతుంది... బండికి ఎడ్లను విప్పినప్పుడు కాడి కిందికి వాలినట్టు. వాలుతూనే లోపలి నక్షత్రం లాంటి పళ్లెం పైకి లేచి కాలిన తూటాలు ఆరింటినీ ఒక్కసారే బయటికి నెట్టేస్తుంది. 'చూస్తానికి ముచ్చటగుంటది. అయితే ఆ ఆరు ఖాళీలు గడ్డిల పడితె ఏరుకోవాలె. ఖాళీలు గూడ లెక్కనే' అంటారాయన.

లైసెన్సు తీసుకుని పెద్దమనుషులు పెట్టుకునే రివాల్వర్లు మామూలుగా పాయింట్ 32వి. పాయింట్ 38 మన చట్టం ప్రకారం నిషేధిత బోరు. అంటే మామూలు పౌరులకు దక్కదు. ఊళ్లో దొర నడుముకున్న దానికీ, ఎస్సై నడుముకున్న దానికీ తేడా ఆ ఆరు నంబర్లేనన్నమాట. ఆ రోజుల్లో కొన్ని ఊళ్లలో జనానికి ఆ తేడా అంతకంటే పెద్దగా కనిపించేది కాదని ఆయనే ఒప్పుకుంటారు.

గురి గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. ఏడాదికోసారి ఫైరింగ్ రేంజిలో ప్రాక్టీసు. వెబ్లీ ట్రిగ్గర్ బిర్రుగా ఉంటుంది. సుత్తిని ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే వేలు వణికి గుండు ఎటో పోతుంది. 'ఇరవై అయిదు గజాలల్ల నా గుండ్లకు బోర్డుకంటె దాని ఎనుక మట్టికట్టనే ఎక్కువ ఇష్టం' అని ఆయన తన మీద తానే జోకు వేసుకుంటారు.

తోలు మాట

రివాల్వర్ గురించి అడిగితే పొడిపొడిగా మాట్లాడే మనిషి హోల్‌స్టర్ మాటెత్తగానే నిటారుగా కూర్చుంటారు.

ముందు బెల్టు సంగతి. నడుముకు వెడల్పాటి తోలు పట్టీ, భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా మరో పట్టీ... పోలీసు అధికారుల ఫొటోల్లో కనిపించే ఆ బెల్టును శామ్ బ్రౌన్ బెల్టంటారు. శామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1858లో, మన మొదటి స్వాతంత్య్ర పోరాటాన్ని అణిచే యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఒర పట్టుకుంటే తప్ప కుడి చేత్తో కత్తి లాగడం కుదరదు. అందుకని ఒర కదలకుండా పట్టి ఉంచడానికి భుజం మీదుగా అదనపు పట్టీ వేయించుకున్నాడు. అది సైన్యమంతా పాకి, అక్కణ్నుంచి పోలీసులకు వచ్చింది. ఆయన చేయి తెగిన చోటు ఉత్తరప్రదేశ్‌లోని సీర్‌పూరా. 'మన కాగజ్‌నగర్ పక్కన సిర్పూరున్నది. అక్కడ చేసినప్పుడు ఈ కథ చెప్తె కానిస్టేబుళ్లు నమ్మలే... సార్ మన ఊరినే చెప్తున్నడని నవ్విన్రు.'

ఒంటిచేతి మనిషి అవసరం కోసం పుట్టిన పట్టీని రెండు చేతులూ ఉన్న లక్షలమంది నూటయాభై ఏళ్లు మోశారన్నమాట!

హోల్‌స్టర్ ఆ బెల్టుకు కుడివైపు వేలాడుతుంది. మూతకు గుండీ. తుపాకి పిడి కింద ఒక రింగు, ఆ రింగుకు తాడు. ఆ తాడు పేరు లాన్యార్డు. పెనుగులాటలో తుపాకి చేయి జారినా నేల మీద పడకుండా, ఎవరూ గుంజుకుపోకుండా. 'ఎద్దుకు పగ్గం లెక్క' అంటారాయన. నిజానికి ఆ తాడు ఎవరిని ఎవరికి కట్టేసిందనేది ఆయన కథ విన్నాక వచ్చే సందేహం.

వానాకాలం వచ్చిందంటే తోలుకు బూజు. జూలై, ఆగస్టు నెలల్లో ఉట్నూరు, జన్నారం వైపు అడవిలో రెండు రోజులు తిరిగి వస్తే హోల్‌స్టర్ నానిన చెప్పులా తయారయ్యేది. ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. పొయ్యి దగ్గర పెడితే ముడుచుకుంటుంది. నీడలో ఆరబెట్టి, బూజు తుడిచి, చెర్రీ బ్లాసమ్ పాలిష్ పట్టించి, ఇత్తడి బకిల్‌కు బ్రాసో రుద్ది... ఇంతా చేస్తే మళ్లీ వాన.

కానీ అసలు రహస్యం చాచా చెప్పిందే. తుపాకిని తోలులో పడుకోబెట్టొద్దు!

వినడానికి వింతగానే ఉంటుంది. హోల్‌స్టర్ ఉన్నదే తుపాకి కోసం కదా! కానీ తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. అందులో రాత్రంతా ఉంచిన ఇనుముకు తెల్లారేసరికి తుప్పు మచ్చలు మొదలవుతాయి. గుండ్లది మరో తంటా. బెల్టుకున్న తోలు గడుల్లో గుండ్లు వారాల తరబడి ఉంటే, తోలును పదును చేసేటప్పుడు వాడే రసాయనాలు ఇత్తడిని తింటాయి. గుండు చుట్టూ పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము పట్టిన గుండు సమయానికి తుపాకి గదిలో దూరదు, దూరినా బయటికి రాదు. అందుకే రోజూ రాత్రి తుపాకి బయటికి తీసి, గుండ్లు దించి, గొట్టంలోకి నూనెగుడ్డ లాగి, పొడిగుడ్డలో చుట్టి పెట్టేవారు. కొంతమంది ఎస్సైలు నెలల తరబడి మూత గుండీ విప్పనే విప్పేవారు కాదు. ఇన్‌స్పెక్షన్ రోజున చాచా వాళ్ల తుపాకుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. పక్కనపెట్టేవాడు, అంతే. ఆ పక్కనపెట్టడానికే భయపడేవారట అందరూ.

నడుము చూసే జనం

ఆయన మొదటి పోస్టింగ్ జగిత్యాల వైపు. అంతకు కొద్దికాలం ముందే, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలిన జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ దొరల పెత్తనానికీ ఎదురుతిరిగిన జనం అది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ ప్రకటన వెనకున్న చట్టం 1948 నాటిది. దాని ప్రకారం కల్లోలిత ప్రాంతంలో శాంతిభద్రతల కోసం అవసరమనిపిస్తే, హెచ్చరించిన తర్వాత, ప్రాణం పోయేలా కూడా కాల్పులు జరపొచ్చు. ఆ అధికారం మెజిస్ట్రేటుకు ఉంటుంది. పోలీసుల్లో ఎవరికంటే... సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై ర్యాంకు వాళ్లకు. అంటే నిన్నగాక మొన్న ట్రైనింగు నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి కూడా!

'గా కాగితం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలే' అంటారాయన. 'ఇంటికాడ మా బాపు ఇంక నన్ను అడగకుండ కోడిని గూడ కొయ్యనియ్యడు. ఈడ సర్కారు నన్ను మనిషిని కాల్చుమంటున్నది.'

మరో రెండేళ్లకు, 1981 ఏప్రిల్ 20న, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మందని ప్రభుత్వం లెక్క చెప్పింది. అరవై మంది దాకా అని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఆయన అక్కడ లేరు. కానీ తర్వాత అదే జిల్లాకు బదిలీ మీద వెళ్లినప్పుడు ఆ రోజు తనకంటే ముందే ఊళ్లోకి వెళ్లి కూర్చున్నట్టు ఉండేదట. గూడెంలోకి అడుగుపెడితే పిల్లలు ఇళ్లలోకి. పెద్దలు నిలబడి ఉంటారు, మాట్లాడతారు. కానీ ముఖం చూసి కాదు.

'నా మొఖం ఎవ్వరు జూస్తలేరు. నడుం జూసి మాట్లాడుతున్రు. నేను ఎడమకు తిరిగితె వాళ్ల కండ్లు గూడ తిరుగుతున్నయి.'

అది గమనించాక ఆయన ఒక పని మొదలుపెట్టారు. స్టేషన్‌కు ఎవరైనా ఫిర్యాదు పట్టుకుని వస్తే రివాల్వర్ తీసి బల్ల సొరుగులో పెట్టి, తాళం వేసి, తర్వాత పిలిచేవారు. రూల్సు ఒప్పుకోవు. ఇన్‌స్పెక్టర్ ఒకసారి చూసి చీవాట్లు పెట్టారు కూడా. ఒకరోజు ఓ జీతగాడు, ఆరు నెలల జీతం ఎగ్గొట్టిన ఆసామి మీద చెప్పుకోవడానికి వచ్చి, ఎస్సై నడుము ఖాళీగా ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడట. 'ఎస్సై సారు లేడా బాంచెన్?' అని ఎస్సైనే అడిగాడు. తుపాకి లేకపోతే ఎస్సై అని గుర్తుపట్టలేదు! ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వరు.

పలక సంచీలో ఒక గుండు

ఒక ఏడాది పొద్దున్నే గుండ్లు లెక్కపెట్టుకుంటే పదకొండే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు. పదకొండే. మంచం కింద, బియ్యం డబ్బాలో, దేవుడి గూట్లో, చివరికి పేడకుప్పలో కూడా వెతికారు. పన్నెండో గుండు దొరక్కపోతే చార్జి మెమో ఖాయం. అప్పటి పరిస్థితుల్లో 'గుండు ఎవరికిచ్చావు?' అన్న ప్రశ్న రావడమూ ఖాయం. అది ఉద్యోగం ఒక్కదానితో పోయే ప్రశ్న కాదు.

మధ్యాహ్నం బడి నుంచి పంతులు స్వయంగా నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో రుమాలు, అందులో గుండు. ఒకటో తరగతి చదివే ఎస్సై కొడుకు పలక సంచీలో పెట్టుకుపోయి, బలపం కంటే బాగా రాస్తుందేమోనని పలక మీద గీసి చూస్తున్నాడట.

పంతులు ఆ విషయం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన రిటైరయ్యేదాకా ఏటా దసరాకు ఆ పంతులు ఇంటికి జమ్మి ఆకు పట్టుకుని వెళ్లివచ్చారు.

బస్సు ఆగింది

1980లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. ఆ దశాబ్దం గడిచేకొద్దీ రెండు జిల్లాల్లోనూ తుపాకి అర్థం మారిపోయింది. దళాలకు ఆయుధాలు కావాలి. ఆయుధాలున్నది పోలీసుల దగ్గర. అంటే నడుముకున్న రివాల్వర్ కాపాడే వస్తువే కాదు, దాని కోసమే ప్రాణం తీయగల వస్తువు కూడా అయింది. మందుపాతరల భయంతో లోపలి ఊళ్లకు జీపులు ఆగిపోయాయి. పోలీసులు ఖాకీ విడిచి లుంగీలు, ప్యాంటు చొక్కాలతో ఆర్టీసీ బస్సుల్లో తిరగడం మొదలుపెట్టారు. తళతళ మెరిసే హోల్‌స్టర్లు పెట్టెల్లోకి వెళ్లాయి. రివాల్వర్ చొక్కా కిందికో, కూరగాయల సంచీలోకో మారింది. లాన్యార్డు ఊసే లేదు.

1988లో ఆయనకు బదిలీ అయింది. కొత్త స్టేషన్లో చేరడానికి భార్యతో, ఇద్దరు పిల్లలతో లక్సెట్టిపేటలో జన్నారం బస్సెక్కారు. రివాల్వర్ తనతో తీసుకెళ్లక తప్పదు. ఎక్కడ పెట్టాలి? చంటిపాప బట్టల సంచీలో, అట్టడుగున పెట్టారు.

దారిలో అడవి మొదలైన చోట బస్సు ఆగింది. రోడ్డు మీద ముగ్గురు. ఇద్దరు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఆలివ్ గ్రీన్ బట్టలు. ఒకడి భుజానికి త్రీనాట్‌త్రీ రైఫిల్. అది ఏ స్టేషన్ నుంచి వెళ్లిన తుపాకో ఆయన మనసు ఆ క్షణంలోనూ లెక్క వేసిందట.

బస్సెక్కి ఒక్కో సీటూ చూసుకుంటూ వచ్చారు. ఈయన దగ్గర ఆగారు. జుట్టు పొట్టిగా ఉంది. పోలీసు క్రాపు. అది దాచలేరు కదా!

'ఏం జేస్తవే?'

ఆయన నోరు తెరిచేలోపే పక్క నుంచి భార్య అంది. 'బడిపంతులు.'

'ఏ ఊరు బడి?'

ఆమె తన పుట్టింటి ఊరు చెప్పింది. అక్కడి బడి ఆమె చదివిందే. ఎన్ని గదులు, ఎదుట ఏ చెట్టు అని అడిగినా చెప్పగలదు. అడగలేదు. అమ్మాయి వంగి సంచీ తాడు విప్పింది. పైనే పాప తడిపిన గుడ్డలున్నాయి. వాసన. అమ్మాయి చేయి లోపలికి పోబోయి ఆగింది. పాప ముఖం ఒకసారి చూసింది. తాడు తనే మళ్లీ ముడివేసి, 'ఎండల పట్టకున్రి, పోరికి దుప్పటి కప్పున్రి' అని దిగిపోయింది.

బస్సు కదిలింది. జన్నారం దాకా భార్యాభర్తలు మాట్లాడుకోలేదు. దిగాక, సామాను దింపుకున్నాక, ఆమె సంచీని ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

'ఇంకొక్కపారి అది నా బిడ్డ బట్టల్ల పెడితె నేను మా అమ్మగారింటికి పోత. మీరు దాన్తోటే కాపురం చేసుకోండి.'

ఆ తర్వాత రివాల్వర్ ఇంటి గడప దాటలేదు. డ్యూటీ అయ్యాక స్టేషన్లోనే అప్పజెప్పి వచ్చేవారు. పొద్దున మళ్లీ సంతకం, మళ్లీ గిన్తీ.

'మరి ఆ రోజు వాళ్లు సంచీ మొత్తం గుమ్మరించి ఉంటే?' అన్న ప్రశ్నకు జవాబు ఆయన చెప్పరు. లోపల వంటింట్లోంచి ఆమే చెబుతారు. 'ఏముంటది? నలుగురం పోతుంటిమి. లేకుంటె ఆ పిల్ల పోతుండె. ఏదైనా నా పిల్లల ముంగటనే గద.'

దాటేసిన జవాబు

ఎవరి మీదైనా కాల్చారా? పోలీసు తుపాకి గురించి రాసేటప్పుడు అడగక తప్పని ప్రశ్న ఇదొక్కటే.

రేంజి బయట వెబ్లీని ఒకే ఒక్కసారి పేల్చానంటారాయన. జాతరలో రెండు ఊళ్లవాళ్లు కర్రలతో కొట్టుకుంటుంటే గాల్లోకి ఒక గుండు. గొడవ అర నిమిషంలో ఆగింది. ఆ గుండుకు సంజాయిషీలు, పంచనామాలు, సాక్షుల వాంగ్మూలాలు నెల రోజులు సాగాయి. ఖాళీ తూటా చీకట్లో దొరకలేదు. కానిస్టేబుళ్లు రాత్రంతా టార్చిలైట్లతో కొబ్బరిచిప్పల మధ్య వెతికారు. తెల్లారి బొమ్మలమ్ముకునే ముసలమ్మ దుకాణంలో దొరికింది. పిల్లలకు ఈల చేసి అమ్ముదామని దాచిందట.

మరి ఎన్‌కౌంటర్లు? ఆయన పనిచేసిన కాలమంతా ఈ రెండు జిల్లాల పేర్లు పత్రికల్లో ఆ మాటతోనే వచ్చాయి. 'ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరపగా...' అని మొదలయ్యే వాక్యం ఊరి పేరు, మనిషి పేరు మారి మళ్లీ మళ్లీ అచ్చయింది. వాటిలో చాలావాటిని పౌరహక్కుల సంఘాలు బూటకమన్నాయి. కోర్టులకూ వెళ్లాయి.

'రివాల్వర్ పట్టుకొని ఎన్‌కౌంటర్‌కు ఎవరు పోరు' అంటారాయన. తర్వాత కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తారు. మాట నిజమే. అడవిలోకి వెళ్లే పార్టీల చేతుల్లో ఎస్‌ఎల్‌ఆర్‌లు, స్టెన్‌గన్‌లు, తర్వాత ఏకే-47లు ఉండేవి. కానీ అడిగింది తుపాకి రకం గురించి కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఉంటే ఒకటి, లేకుంటే ఒకటి

గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్లు కాల్చి చంపారు. కరీంనగర్ ఎస్పీగా పనిచేసిన ఉమేశ్‌చంద్రను 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్ చౌరస్తాలో, కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాల్చారు. ఆయన గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు. ఉమేశ్‌చంద్ర కారు దిగి దాడిచేసినవాళ్ల వెంటపడ్డారు. ఆయన చేతిలో ఆయుధం లేదు. అది చూసి వాళ్లు వెనక్కి తిరిగి కాల్చారు.

ఆ వార్త విన్న రోజు ఈయన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. అప్పటికి పదకొండేళ్లుగా తుపాకి లేకుండా ఇంటికి వెళ్తున్నారు. ఆ సాయంత్రం స్టేషన్లో రివాల్వర్ అప్పజెప్పబోయి, రిజిస్టరు ముందు చాలాసేపు నిలబడ్డారట. తీసుకుపోవాలా? పెట్టిపోవాలా? ఉంటే దాని కోసం చంపుతారు. లేకుంటే లేదని చంపుతారు.

పెట్టే వెళ్లారు. 'ధైర్యంతోని గాదు. ఇంటికాడ ఏమంటరో తెలుసు గనుక.'

2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాద్‌లో చర్చలు జరిగినప్పుడు కొన్నాళ్లు హాయిగా నిద్రపోయానంటారు. చర్చలు నిలవలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ జిల్లాల్లో ఆ పోరు సద్దుమణిగింది. పెద్దపల్లి నుంచి వెళ్లిన మల్లోజుల కోటేశ్వరరావు, అంటే కిషన్‌జీ, 2011 నవంబరులో ఎక్కడో పశ్చిమబెంగాల్ అడవిలో చనిపోయాడు. ఆయన తమ్ముడు వేణుగోపాలరావు 2025 అక్టోబరులో, అరవైమంది సహచరులతో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోయాడు. టీవీలో ఆయుధాలు అప్పగించే దృశ్యం వస్తుంటే ఈయన సోఫా అంచుకు జరిగి, కళ్లద్దాలు సవరించుకుని చూశారు. ఇంట్లో అందరూ ఆ మనుషుల గురించి మాట్లాడుకుంటుంటే ఆయన అన్న మాట ఒక్కటే. 'గుండ్లు లెక్కబెట్టుకొని తీసుకుంటున్నరో లేదో!'

చెప్పుల దగ్గర

రివాల్వర్ల కాలం ఆయన సర్వీసులో ఉండగానే ముగింపుకొచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టళ్లు వచ్చాయి. పదమూడు గుండ్ల మ్యాగజైను. చప్పున మార్చుకోవచ్చు. కుర్ర ఎస్సైలు సంబరపడ్డారు. ఈయనకు మాత్రం గుండ్లు కంటికి కనిపించకపోవడం నచ్చలేదు. వెబ్లీలో చక్రం వెనక నుంచి చూస్తే ఆరు ఇత్తడి బిళ్లలు కనిపిస్తాయి. పిస్టల్‌లో అన్నీ పిడిలోపలే. ఉన్నాయని నమ్మాలి.

2013లో రిటైరైన రోజు ఆయుధం అప్పగించడానికి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కు వెళ్లారు. చాచా పోయి చాలాకాలమైంది. ఆ కుర్చీలో కంప్యూటర్ ముందు ఓ కుర్రాడు. 'పెట్టెయ్యండి సార్, తర్వాత ఎంట్రీ చేస్తా' అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. పిస్టల్ నంబరు చదివించారు. గుండ్లు ఒక్కొక్కటీ బల్ల మీద నిలబెట్టి ఆ కుర్రాడి చేత పైకి లెక్కపెట్టించారు. రసీదు మీద స్టాంపు వేయించుకున్నారు. బయట పూలదండలు పట్టుకుని జనం ఎదురుచూస్తున్నా సరే.

చేతిలో పాత వెబ్లీ హోల్‌స్టర్ మిగిలింది. మొదటి జీతంతో కరీంనగర్‌లో కుట్టించుకున్న సొంత సరుకది. పిస్టల్ దానిలో పట్టదు. కొత్త ఎస్సైల్లో ఒకరిద్దరిని అడిగి చూశారు, ఎవరూ తీసుకోలేదు. దండలతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చుకున్నారు.

ఇరవై ఐదేళ్ల క్రితం పెట్టిన షరతు ఆమె మరిచిపోలేదు. గడపలోనే ఆపారు. లోపల తుపాకి లేదని ఈయన మూత విప్పి చూపించారు. ఆమె వంగి చూశారు, వేలు పెట్టి కూడా చూశారు.

'సరే, తోలుదే గద' అన్నారు. 'చెప్పులకాడ పెట్టి లోపలికి రాండ్రి.'